ఆగిన రథం, ఆగని గొంతు

పరుగు, ప్రయాణం, వినడం మూడూ ఒకేచోట కలిసిన పాత కథ ఒకటి బైబిలులో ఉంది. యెరూషలేము నుంచి గాజాకు పోయే దారి మీద ఐతియొపీయుల రాణి కందాకే కొలువులోని పెద్ద అధికారి ఒకడు రథంలో కూర్చుని, యెషయా గ్రంథాన్ని పైకి చదువుకుంటూ పోతుంటాడు. క్రైస్తవ బోధకుడు ఫిలిప్పు పరుగెత్తుకెళ్లి ఆ రథాన్ని అందుకుంటాడు. చదువుతున్నది అర్థమవుతోందా అని అడుగుతాడు. చెప్పేవాడు లేకుండా ఎలా అర్థమవుతుందని ఆ అధికారి ఫిలిప్పును పైకెక్కించుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. అక్కణ్నుంచి ప్రశ్నలూ జవాబులూ సాగుతాయి. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలోని ఈ ఘట్టంలో ఒక చిన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. ఆ రథం తోలుతున్నది ఆ అధికారి కాదు, వేరే మనిషి.

ఇవాళ హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ అధికారిలాంటివాళ్లు వేలమంది కనిపిస్తారు. కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే పరుగులు తీసేవాళ్లకూ కొదవ లేదు. అందరి చెవుల్లోనూ ఎవరిదో ఒక గొంతు వినిపిస్తూనే ఉంది. కాకపోతే రథం తోలేదీ వాళ్లే, వినేదీ వాళ్లే. అర్థమైందా అని అడిగే ఫిలిప్పు మాత్రం బండెక్కడు.

కాళ్లో చేతులో వేరే పనిలో ఉండగా చెవిన పడిన తత్త్వబోధ శ్రవణం అవుతుందా, ఊసుపోకగానే మిగులుతుందా? ఇది యంత్రాల గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ చాలా పాతది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను తెలుసుకునే దారి చెబుతూ వినడాన్ని ముందు పెట్టాడు, దాని వెనక మననాన్ని, ఆ వెనక నిదిధ్యాసనాన్ని నిలిపాడు. అంత పెద్ద పీట వేసిన పనిని గేర్లు మారుస్తూ చేయవచ్చా అన్నదే సందేహం.

జనం దారిలో వింటున్నవాటిలో సినిమా కబుర్లు, క్రికెట్ చర్చలు ఎటూ ఉంటాయి. వాటి పక్కనే దేవుడూ తత్త్వమూ గట్టి చోటే సంపాదించుకున్నాయి. అమెరికాలో 2021 జనవరి 1న మైక్ ష్మిట్జ్ అనే క్యాథలిక్ ఫాదర్ ‘ద బైబిల్ ఇన్ ఎ ఇయర్’ మొదలుపెట్టారు. రోజుకొక ఎపిసోడ్ చొప్పున 365 రోజులు, ఒక్కోటి ఇరవై పాతిక నిమిషాలు. హత్యలూ నేరాలూ రాజ్యమేలే ఆపిల్ పాడ్‌కాస్ట్‌ల పట్టికలో అది కొద్దిరోజుల్లోనే మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. ఆఫీసుకు వెళ్లే దారికి సరిగ్గా సరిపోయే నిడివి కావడం దానికి బాగానే కలిసొచ్చి ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ పని రేడియో చేసింది. బీబీసీ రేడియో 4లో 1998 అక్టోబరులో మొదలైన ‘ఇన్ అవర్ టైమ్’ వెయ్యి ఎపిసోడ్‌లు దాటింది. మెల్విన్ బ్రాగ్ ముగ్గురు ప్రొఫెసర్లను కూర్చోబెట్టి, ఉపోద్ఘాతాలు లేకుండా నేరుగా విషయంలోకి దిగి, ఎవరైనా పక్కదారి పడితే మొహమాటం లేకుండా మాట తుంచేవారు. 2025లో ఆయన తప్పుకునేదాకా అదే వరస. అందులో భగవద్గీత మీదా ఉపనిషత్తుల మీదా కూడా చర్చలున్నాయి. డేవిడ్ ఎడ్మండ్స్, నైజెల్ వార్‌బర్టన్ 2007లో ప్రారంభించిన ‘ఫిలాసఫీ బైట్స్’ ఇంకా పొట్టి. ఒక తత్త్వవేత్త, ఒక ప్రశ్న, పావుగంటకు కాస్త అటూ ఇటూ. 

ఇక పీటర్ ఆడమ్సన్ సంగతి వేరు. 2010లో ఆయన మొదలుపెట్టిన ‘హిస్టరీ ఆఫ్ ఫిలాసఫీ వితౌట్ ఎనీ గ్యాప్స్’ గ్రీకుల నుంచి బయల్దేరి ఒక్కరినీ వదలకుండా నడుస్తోంది. ప్లేటో తర్వాత ఒక్క గెంతు గెంతి డెకార్ట్ దగ్గర వాలే పాఠ్యపుస్తకాల మీద ఆయనకు కోపం. జొనార్డన్ గనేరితో కలిసి భారతీయ దర్శనాలకు ప్రత్యేకంగా ఒక వరసే నడిపారు. ఆంధ్రదేశంతో ముడిపడిన నాగార్జునుడి శూన్యవాదం అక్కడ ఇంగ్లిషులో, మధ్యమధ్య జిరాఫీల మీద జోకులతో వినిపిస్తుంది. ఉదాహరణ కావాలంటే ఆయనకు ముందు జిరాఫీ గుర్తొస్తుంది, తర్వాత మూకీల నాటి బస్టర్ కీటన్. చెవి కోసం రాసిన తత్త్వచరిత్రల్లో దీనికి సాటి రాగలది దొరకడం కష్టం.

తెలుగువాళ్లకు ఈ అలవాటు పాడ్‌కాస్ట్ అన్న పేరుతో అంటుకోలేదు. యూట్యూబులో ప్రవచనం పెట్టి, ఫోను బోర్లా పడేసి, బొమ్మ చూడకుండా మాట మాత్రమే వింటూ బండి నడపడం మన పద్ధతి. చాగంటి కోటేశ్వరరావు భాగవతం, గరికిపాటి నరసింహారావు భారతం, సామవేదం షణ్ముఖశర్మ ఉపన్యాసాలు కాకినాడ కాలవగట్టు నుంచి డల్లాస్ హైవే దాకా కార్లలో మోగుతూనే ఉన్నాయి. గంటల తరబడి సాగే ప్రవచనాన్ని దూరప్రయాణం మింగినంత సులువుగా ఇంకేదీ మింగలేదు.

దీనికి అభ్యంతరం మన గ్రంథాల్లోనే ఉంది. మనసు ఇంకెక్కడో తిరుగుతుంటే కన్ను తెరిచి ఉన్నా చూపు లేదనీ, చెవి తెరిచి ఉన్నా వినికిడి లేదనీ, అసలు చూసేదీ వినేదీ మనసేననీ బృహదారణ్యకం మొదటి అధ్యాయంలోనే తేల్చేస్తుంది. 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాలిన్ చెర్రీ ఇదే సంగతిని ప్రయోగం పెట్టి చూశాడు. హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవికి ఒక ప్రసంగం, రెండో చెవికి మరొకటి వినిపించి, మొదటిదాన్ని వెంటవెంటనే పలకమన్నాడు. పలికారు. రెండో చెవిలో ఏం చెప్పారని అడిగితే నోరు పెగల్లేదు. అక్కడ మధ్యలో ఇంగ్లిషు పోయి జర్మన్ వచ్చిన సంగతి కూడా చాలామందికి తెలియలేదు.

బౌద్ధులు ఇంకో వైపు నుంచి అడ్డు పడతారు. సతిపట్ఠాన సుత్తం ప్రకారం నడిచేవాడు నడుస్తున్నానన్న ఎరుకతో నడవాలి. నడకలో బుద్ధుడి బోధ వింటూ అడుగుల్ని మరిచిపోయినవాడు ఆ బోధనే అతిక్రమిస్తున్నట్టు లెక్క. ధ్యానం గురించిన పాడ్‌కాస్ట్ వింటూ పరుగెత్తేవాళ్లు దీనికేం జవాబు చెబుతారో చూడాలి.

తెలుగువాడు మాత్రం ఇక్కడ ఊరుకోడు. అష్టావధానం మాటేమిటి అంటాడు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరు సమస్య ఇస్తుంటే, ఒకరు నిషేధాక్షరి పెడుతుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి వంకర ప్రశ్నలు వేస్తుంటే, గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్కపెట్టే జాతి కదా మనది! పైన చెప్పిన గరికిపాటివారే స్వయంగా అవధాని. నిజమే. కానీ అవధాని ఎనిమిది పనులూ ఒకేసారి చేయడు. ఒకరి దగ్గర ఒక పాదం చెప్పి రెండోవారి దగ్గరికి వెళ్తాడు, మళ్లీ తిరిగి వచ్చి వదిలినచోటే అందుకుంటాడు. పైగా ఆఖర్న ధారణ ఉంది. పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెప్పనిదే అవధానం పూర్తయినట్టు కాదు. నలభై నిమిషాల పరుగు ముగించి బూట్లు విప్పుతున్న మనిషిని ఇందాక విన్న వాదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పమంటే ఎందరు చెబుతారు? పాడ్‌కాస్ట్ శ్రవణమా కాదా తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

మరి శరీరం కదలడమే తప్పా? ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుడి కథను ఈ ప్రశ్నతో మళ్లీ చదివితే కొత్తగా కనిపిస్తుంది. గోత్రం తెలియదని నిజం చెప్పి హారిద్రుమత గౌతముడి దగ్గర శిష్యుడిగా చేరిన కుర్రవాడికి గురువు ఇచ్చింది పాఠం కాదు, నాలుగు వందల బక్కచిక్కిన ఆవులు. వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని మాట ఇచ్చి అతడు అడవికి తోలుకుపోయాడు. ఏళ్లు గడిచి మంద వెయ్యికి చేరాక, అందులోని ఎద్దే నోరు విప్పి బ్రహ్మం గురించి ఒక పాదం చెప్పింది. తర్వాతి పాదం అగ్ని చెబుతుందంది. తర్వాత అగ్ని, హంస, మద్గువనే నీటిపక్షి తలా ఒక పాదం చెప్పాయి. తత్త్వశాస్త్రాన్ని దారిలో, పశువులు తోలుకుంటూ నేర్చుకున్న కుర్రవాడు ఇతడు. కదులుతూ వినడానికి వేదాంతంలోనే ఆమోదముద్ర దొరికిందని పాడ్‌కాస్ట్ అభిమానులు సంబరపడవచ్చు.

అంత తొందరపడనక్కర్లేదు. ఉపనిషత్తు ఆ దృశ్యాన్ని ఎలా రాసిందో చూడాలి. పొద్దున ఆవుల్ని గురువు ఇంటివైపు మళ్లిస్తాడు. పగలంతా నడక. సాయంత్రం ఎక్కడ చీకటి పడితే అక్కడ మందను ఆపి, కట్టడి చేసి, నిప్పు రాజేసి, సమిధ వేసి, నిప్పుకు పడమట తూర్పు ముఖంగా కూర్చుంటాడు. అప్పుడు అగ్ని మాట్లాడుతుంది. మర్నాడు మళ్లీ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒక్క మాట తేడా లేకుండా ఆ వరస మూడుసార్లు వస్తుంది. ఆ ఆగడం, కూర్చోవడం ఏదో అలంకారానికి రాసింది కాదనడానికి ఆ పునరుక్తి చాలు. 

పాఠం చిన్నది, రోజుకు ఒక పాదమే. తర్వాతి ఎపిసోడ్ ఎవరు చెబుతారో ముందే ప్రకటన కూడా ఉంది! కానీ రెండు పాదాలకూ నడుమ ఒక పగలంతా ఖాళీ. వెయ్యి ఆవులు, దుమ్ము, దారి. ఆ ఖాళీలో ఎవరూ ఏమీ చెప్పరు. విన్నదాన్ని తిప్పి తిప్పి చూసుకోవడానికి సత్యకాముడికి దొరికిన సమయమంతా ఆ నడకే. అంటే వినడం కూర్చుని, మననం నడుస్తూ. మనం ఆ క్రమాన్ని తిరగేశాం. వినడాన్ని నడకలోకి నెట్టాం, మననానికి ఉన్న ఒక్క చోటునూ గొంతులతో నింపేశాం. పరుగు గంటా, డ్రైవింగ్ గంటా ఇన్నాళ్లూ ‘వృథా’ అని లెక్కగట్టినవాళ్లు అది ఎవరి వాటానో చూసుకోలేదు. ఇరవయ్యో శతాబ్దపు మనిషికి కూడా ఆ ఖాళీ ఎంతో కొంత ఉండేది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక తరగడం మొదలై, ఫోను వచ్చాక పూర్తయింది.

గీతను చూసినా ఇదే కనిపిస్తుంది. ఏడు వందల శ్లోకాల ఆ సంభాషణ జరిగింది రథం మీదే, చెప్పినవాడు సారథే. బండి మీద తత్త్వబోధకు అంతకు మించిన ఉదాహరణ లేదు. అయితే ఆ రథం రెండు సైన్యాల నడుమ ఆగి ఉంది. ఆపమని అడిగింది అర్జునుడు, ఆపింది కృష్ణుడు. పగ్గాలు పట్టుకున్నవాడే గురువైనా గుర్రాల్ని అదిలిస్తూ సాంఖ్యం చెప్పలేదు. పైగా అంతా అయ్యాక, పద్దెనిమిదో అధ్యాయం చివర, ఇదంతా ఏకాగ్రంగా విన్నావా అని కృష్ణుడు అర్జునుణ్ని అడుగుతాడు. ఎదురుగా కూర్చుని, అడిగి అడిగి చెప్పించుకున్న శిష్యుణ్నే అలా అడగాల్సి వచ్చింది.

గ్రీసులోనూ ఇదే తంతు. ప్లేటో ‘ఫీడ్రస్’లో ఫీడ్రస్ అనే యువకుడు లిసియస్ ప్రసంగం రాసిన చుట్టను అంగీలో దాచుకుని ఏథెన్సు గోడ బయటికి షికారు బయల్దేరుతాడు. జేబులో ఎపిసోడ్ పెట్టుకుని నడిచిన మొదటి మనిషి అతడేనేమో. సోక్రటీసు తోడవుతాడు. ఇద్దరూ ఇలిసస్ వాగులో పాదాలు తడుపుకుంటూ నడుస్తారు. చదవడం మాత్రం పెద్ద చెట్టు కిందికి చేరి, కూర్చున్నాకే. అదే సంభాషణ చివర సోక్రటీసు రాతను తప్పుపడతాడు. రాసిన మాటను ప్రశ్నిస్తే అదే మాట మళ్లీ చెబుతుంది, ఎవరితో మాట్లాడాలో ఎవరి ముందు ఊరుకోవాలో దానికి తెలియదు అన్నది ఆయన ఫిర్యాదు.

ఈ ఫిర్యాదుకు బలం అనుకోనిచోట దొరికింది, ట్రాఫిక్ పరిశోధనలో. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2001లో డ్రైవింగ్ లాంటి పనిని ప్రయోగశాలలో పెట్టి చూసింది. ఫోన్లో మాట్లాడేవాళ్లు తడబడ్డారు, ఫోను చేతిలో ఉన్నా లేకపోయినా. రేడియో, ఆడియో పుస్తకం వినేవాళ్లలో ఆ తడబాటు కనిపించలేదు. కారులో ప్రవచనం పెట్టుకునేవాళ్లకు ఇది ఊరట. తర్వాత 2008లో వాళ్లే మరో సంగతి చూపించారు. పక్కసీటులో కూర్చుని మాట్లాడే మనిషి ఫోన్లో మాట్లాడే మనిషంత ప్రమాదం కాదు. కారణం సులువైనదే. ముందు లారీ అడ్డం వస్తే పక్కనున్నవాడు మాట ఆపుతాడు, లేదా ఆ లారీ గురించే మాట్లాడతాడు. 

స్పీకరులోని గొంతుకు లారీ కనిపించదు. కూడలిలో నాలుగు వైపుల నుంచీ ఆటోలు దూసుకొస్తుంటే అది అద్వైతంలో అతి సూక్ష్మమైన చోట ఉండవచ్చు. అలాంటప్పుడు డ్రైవరు ఏదో ఒకటే ఎంచుకుంటాడు. రోడ్డునే ఎంచుకోవాలి కూడా. కాబట్టి నష్టపోయేది ఎప్పుడూ అద్వైతమే, అది జరిగిన సంగతీ తెలియదు. కూడలి దాటాక గొంతు అలాగే ధారగా సాగుతుంటుంది, విన్నామన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఇక్కడ ఎదుటివాదం ఒకటి గట్టిగానే ఉంది. చార్లెస్ హిర్ష్‌కిండ్ అనే మానవశాస్త్రవేత్త కైరో నగరంలో క్యాసెట్ ఉపన్యాసాల మీద పరిశోధించి 2006లో ‘ది ఎథికల్ సౌండ్‌స్కేప్’ అన్న పుస్తకం తెచ్చారు. టాక్సీల్లో, దుకాణాల్లో, వంటింట్లో జనం పని చేసుకుంటూనే మతబోధకుల క్యాసెట్లు వినేవారు. అది సమాచారం కోసం వినడం కాదనీ, పదేపదే వినగా భయం, వినయం, పశ్చాత్తాపం లాంటివి శరీరానికే అలవాటు అవుతాయనీ ఆయన చూపారు. అదే ఇస్లాంలో ఖురాను పఠనం వినిపిస్తున్నప్పుడు నిశ్శబ్దంగా చెవి ఒగ్గాలని ఏడో సూరాలో ఆదేశం ఉన్న మాట కూడా నిజమే. దైవవాక్కుకు ఒక మర్యాద, బోధకుడి మాటకు ఇంకో వెసులుబాటు. ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలో సన్యాసులు భోజనం చేసేటప్పుడు ఒకరు గ్రంథం చదవాలనీ, మిగతావారు మాట్లాడకుండా వింటూ తినాలనీ పెట్టాడు. పనిలో వినడం సోమరులు కనిపెట్టిందేమీ కాదు.

ఈ వాదాన్ని ఒప్పుకోవాలి, ఒక హద్దు గీసి మరీ. కైరో టాక్సీ డ్రైవరు విన్నది చాలావరకు తెలిసిన బోధే, తెలిసిన గొంతే. మన ఇళ్లల్లో పొద్దున్నే మోగే సుప్రభాతం అలాంటిది. గజేంద్రమోక్షం ఇరవయ్యోసారి వింటూ కృష్ణా వారధి దాటే మనిషి రెండు నిమిషాలు మనసు పోగొట్టుకున్నా కథ పోదు. మొసలి ఎక్కడుందో అతడికి తెలుసు. కొత్త వాదం అలా కాదు. నాగార్జునుడి తర్కంలో ఒక మెట్టు జారితే తర్వాత విన్నదంతా వట్టి శబ్దం. పరుగుకూ ఇదే వర్తిస్తుంది. నింపాదిగా పరుగెత్తేటప్పుడు చెవిలోని శబ్దం అలసటను మరిపిస్తుంది. వేగం పెరిగి ఊపిరి బరువైతే శరీరమే దృష్టినంతా లాగేసుకుంటుంది. ఎత్తు ఎక్కుతూ కాంటును అర్థం చేసుకున్నామనేవాళ్లను నమ్మనక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద చేటు వేగం మీట. ప్రవచనాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వినడం ఇప్పుడు మామూలైపోయింది. 2014లో వచ్చిన ఓవర్‌కాస్ట్ అన్న యాప్ ఇంకో అడుగు ముందుకు వేసి, మాటల మధ్య మౌనాల్ని కత్తిరించే సదుపాయం ఇచ్చింది. సమయం ఆదా అవుతుంది, సందేహం లేదు. కానీ పౌరాణికుడు ఒక మాట అని ఆగాడంటే అది ఊపిరి కోసం మాత్రమే కాదు. శ్రోత అందుకోవాలని ఆగుతాడు. సత్యకాముడి పగటి నడకను రెండు సెకన్లకు కుదిస్తే మిగిలేది ఆ మౌనం. దాన్నీ కోసేసి విన్నాక, ఎన్ని ఎపిసోడ్‌లు పూర్తి చేశామన్న లెక్క మాత్రం చేతిలో ఉంటుంది.

మాధ్యమం మారగానే ప్రశ్న చచ్చిపోవాలన్న రూలేం లేదు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ రామాయణ భారతాలు చెప్పిన రోజుల్లో ‘ధర్మసందేహాలు’ కూడా నడిపారు. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన రేడియోలోనే జవాబు చెప్పేవారు. గాలిలో వచ్చే గొంతే అయినా, దాన్ని అడగవచ్చని జనం నమ్మారు. కార్డు ముక్క మీద సందేహం రాయాలంటే విన్నదాన్ని ఒకసారి తిరగేసుకోవాలి కదా, సగం మననం అక్కడే అయిపోయేది. ఆడమ్సన్ కూడా తన వెబ్‌సైటులో శ్రోతల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు రాస్తుంటారు. అడిగేవాళ్లు బండి దిగాక కూర్చుని రాసినవాళ్లే అయి ఉంటారు.

కనుక ఏది ఎక్కడ వినాలన్నదానికి తీర్పు కష్టమేమీ కాదు. పరిచయమున్న పురాణం, జీవితచరిత్ర, ‘ఇన్ అవర్ టైమ్’ తరహా చరిత్ర కబుర్లు హైవే మీద, నింపాది పరుగులో హాయిగా నడుస్తాయి. ఊళ్లోని ట్రాఫిక్‌లో ఏదీ వద్దు. శంకరుడు, నాగార్జునుడు, కాంటు, ‘ఫిలాసఫీ బైట్స్’లోని చిక్కు ప్రశ్నలు మాత్రం కుర్చీలో కూర్చుని, మామూలు వేగంతో వినాల్సినవి. పావుగంటో ఇరవై నిమిషాలో అలా విని, ఇయర్‌ఫోన్స్ ఇంట్లో పెట్టి పరుగుకు వెళ్లడం మంచిది. ఒక ఎపిసోడ్ అవగానే రెండోది దానంతటదే మొదలయ్యే ఏర్పాటు చాలా యాప్‌లలో ముందే ఆన్ అయి ఉంటుంది. ముందుగా దాన్ని ఆపేసుకోండి, సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది.